నాలుగు గంటల చాయ్



ఈ పూట చెప్పుకునే ముచ్చట చాయ్ గురించి. "చాయ్ కాచుడు ఎవరికి రాదు? దానికి ఉపన్యాసం ఎందుకు?" అని కొందరు నవ్వుకోవచ్చు. నిజమే, కాచడం అందరికీ వచ్చు. కానీ నలుగురిని ఇంటికి పిలిచి చాయ్ పోయడం వేరు. ఎవరిని పిలవాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి, ఏ గ్లాసులో పోయాలి అన్న దగ్గర అసలు సంగతి ఉంది.

వరంగల్లో గానీ, హన్మకొండలో గానీ, చుట్టుపక్కల ఊళ్ళల్లో గానీ సాయంత్రం నాలుగు అయిందంటే చాలా ఇళ్ళల్లో పొయ్యి మీద చాయ్ గిన్నె ఉంటుంది. పగటి అన్నం తిన్న గిన్నెలు కడిగి, కాసేపు నడుం వాల్చి లేచిన వేళ అది. మళ్ళీ రాత్రి వంట మొదలు కావడానికి ఒక గంట టైము ఉంటుంది. ఇంటి పనిలో మునిగిన ఆడమనిషికి రోజు మొత్తంలో తనది అనుకోదగిన గంట అదొక్కటే. ఆ గంటలో అక్కచెల్లెళ్ళు వస్తారు, ఆడబిడ్డ వస్తుంది, వాడకట్టు వాళ్ళు వస్తారు. "ఏమక్కా, ఏం చేస్తున్నవ్?" అని ఒకామె గడప ఎక్కుతుంది. "రా చెల్లె, కూసో. చాయ్ తాగి పోదువు" అంటుంది ఇంటామె. పిల్లల చదువు, కోడలి కాన్పు, పత్తి రేటు, ఎవరింట్లో ఏం గొడవ, అన్నీ ఆ గ్లాసు చుట్టే నడుస్తాయి. ఇప్పుడు ఇది ఇక్కడి ఆచారం అయిపోయింది.

ఆచారం అంటే ఎంత పాతది? అమ్మమ్మల అమ్మమ్మలు చాయ్ ఎరగరు. ఇంటికి ఎవరన్నా వస్తే చెంబెడు నీళ్ళు ఇచ్చేవాళ్ళు. బెల్లం ముక్క ఉంటే పెట్టేవాళ్ళు. పాడి ఉన్న ఇంట్లో సల్ల పోసేవాళ్ళు. చాయ్ తర్వాత వచ్చింది, చాలా దూరం నుంచి వచ్చింది.

చాయ్ ముందుగా తాగింది చైనా వాళ్ళు. మన దేశంలో అస్సాం అడవుల్లో కూడా ఆ చెట్టు ఉండేది. అక్కడి సింగ్‌ఫో అనే గిరిజనులు ఆ ఆకును వాడుకునేవాళ్ళు. 1823లో రాబర్ట్ బ్రూస్ అనే తెల్ల వ్యాపారి ఆ చెట్టు సంగతి వాళ్ళ దగ్గరే తెలుసుకున్నాడు. 1839లో అస్సాం ఆకు లండన్ పట్నంలో వేలానికి పోయింది. దానికి మంచి ధర పలికింది. ఇక అడవులు నరికి తోటలు వేశారు. తోటలకు కూలీలు కావలసి వచ్చింది. ఛోటా నాగపూర్ నుంచి, ఒడిశా నుంచి గిరిజనులను తీసుకుపోయారు. గంజాం, విశాఖపట్నం వైపు నుంచి తెలుగు కూలీలను కూడా తీసుకుపోయారు. కొమ్మ చివర రెండు ఆకులు, ఒక మొగ్గ కలిపి గిల్లాలి. ఆ పని అప్పుడూ ఇప్పుడూ ఎక్కువగా ఆడవాళ్ళదే.

ఆ రోజుల్లోనే ఇంగ్లండులో గొప్పింటి ఆడవాళ్ళు సాయంత్రం పూట ఒకరినొకరు చాయ్‌కి పిలుచుకోవడం మొదలుపెట్టారు. 1840 ప్రాంతంలో బెడ్‌ఫర్డ్ ప్రభువు భార్య, అన్నా అనే ఆమె, పగటి భోజనానికి రాత్రి భోజనానికి నడుమ ఆకలి అవుతుందని ఈ పద్ధతి పెట్టిందని చెప్తారు. పింగాణీ కప్పులు, రొట్టె ముక్కలు, తీపి బిళ్ళలు పెట్టుకునేవాళ్ళు. ఆకు గిల్లిన ఆడమనిషిని ఆ బల్ల దగ్గరికి ఎవరూ పిలవలేదు.

మన దేశంలో జనానికి చాయ్ అలవాటు చేసింది కూడా తోటల వ్యాపారులే. 1903లో అప్పటి ప్రభుత్వం చాయ్ ఆకు మీద సెస్సు అనే పన్ను వేసింది. ఆ డబ్బు ప్రచారానికి వాడారు. రైలు స్టేషన్లలో, మిల్లుల్లో, బొగ్గు గనుల్లో చాయ్ అంగళ్ళు పెట్టించారు. ఊరికే పోసి రుచి చూపించారు. రుచి పడ్డాక జనం కొనుక్కున్నారు. వరంగల్ రైలు దారి మీద ఉన్న ఊరు. పక్కనే కాజీపేట జంక్షను. 1934లో నిజాం రాజ్యంలో ఇక్కడ ఆజం జాహి మిల్లు వచ్చింది. ఆ మిల్లు ఇప్పుడు లేదు గానీ, ఎందరో వరంగల్ వాళ్ళకు అన్నం పెట్టింది. స్టేషను ఉన్నచోట, మిల్లు ఉన్నచోట చాయ్ హోటలు వెలవక తప్పదు. హైదరాబాదులో ఇరానీ హోటళ్ళు వచ్చాయి. వాటిలో చాయ్‌తో పాటు తినే ఉస్మానియా బిస్కెట్‌కు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద ఆ పేరు వచ్చింది. ఇవాళ ఆ బిస్కెట్ వరంగల్ కిరాణా కొట్టులో కూడా దొరుకుతుంది.

ఇదంతా ఎందుకు చెప్పుకోవాలి? చాయ్ మొన్న మొన్న వచ్చింది. ఏ పురాణంలో చాయ్ లేదు. ఏ నోములోనూ చాయ్ నైవేద్యం పెట్టరు. తాత ముత్తాతల నుంచి వస్తున్న నియమం అని చాయ్ విషయంలో ఎవరూ అనలేరు. మరి అట్లాంటి చాయ్‌కి మన ఊళ్ళల్లో రెండు గ్లాసులు ఎట్లా వచ్చాయి?

రెండు గ్లాసుల సంగతి పెద్దవాళ్ళకు బాగా ఎరుక. ఊరి చాయ్ హోటల్లో బల్ల మీద గాజు గ్లాసులు వరుసగా ఉంటాయి. దళితులకు ఇచ్చే గ్లాసు వేరే ఉంటుంది. అది చూరులో చెక్కి ఉంటుంది, లేకుంటే బయట గుంజకు తగిలించి ఉంటుంది. కొన్నిచోట్ల కొబ్బరి చిప్పలో పోసేవాళ్ళు. దళితుడు ఆ గ్లాసు తానే తీసుకోవాలి. హోటలు ఆయన పైనుంచి ఎత్తి పోస్తాడు. బల్ల మీద కూర్చోకుండా నిలబడి గానీ, నేల మీద కూర్చొని గానీ తాగాలి. తాగినాక తానే కడిగి మళ్ళీ అక్కడే పెట్టాలి. డబ్బులు మాత్రం అందరితో సమానంగా ఇవ్వాలి. పైసలకు అంటు లేదు మరి!

ఎత్తి పోయడం ఎంత నొప్పి పెడుతుందో అంబేద్కర్ రాసుకున్నాడు. బడిలో దాహం వేస్తే ఆయన కుండ ముట్టుకోకూడదు. బడి జవాను వచ్చి పైనుంచి పోస్తేనే నీళ్ళు. జవాను రాని నాడు నీళ్ళు లేవు. ఆ పిల్లవాడే పెద్దవాడై 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహద్ అనే ఊళ్ళో వేల మందితో చవదార్ చెరువుకు నడిచి వెళ్ళి దోసిలితో నీళ్ళు తాగాడు. తర్వాత మన రాజ్యాంగం రాసిన సంఘానికి అధ్యక్షుడు అయ్యాడు. 1950 జనవరి 26 నుంచి అమలులోకి వచ్చిన ఆ రాజ్యాంగంలో 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో దాని కోసం చట్టం వచ్చింది. ఇప్పుడు దాన్ని పౌర హక్కుల రక్షణ చట్టం అంటారు. హోటల్లో అందరి కోసం పెట్టిన గ్లాసు, పళ్ళెం ఎవరికైనా ఇవ్వను అంటే ఆ చట్టం కింద నెల నుంచి ఆరు నెలల దాకా జైలు, జరిమానా కూడా పడతాయి. 1989లో ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ప్రతి నెలా 30వ తేదీన ఊళ్ళల్లో పౌర హక్కుల దినం జరపాలని నియమం ఉంది. తహసీల్దారు, పోలీసు అధికారి వచ్చి వినాలి. ఎక్కడైనా రెండు గ్లాసులు కనిపిస్తే ఆ సభలో లేచి చెప్పవచ్చు. 14566 నెంబరుకు ఫోను కూడా చేయవచ్చు. ఈ నెంబరు రాసి పెట్టుకోండి.

ఇప్పుడు చాలా హోటళ్ళల్లో గాజు గ్లాసు పోయి కాగితం కప్పు వచ్చింది. తాగి పారేయవచ్చు. అందరికీ అదే కప్పు ఇస్తే మంచిదే. కొన్నిచోట్ల మాత్రం ఒకరికి గాజు గ్లాసు, ఇంకొకరికి కాగితం కప్పు ఇస్తారు. చూరులో గ్లాసు లేదు కాబట్టి చూసే వాళ్ళకు తెలియదు. తాగే వాళ్ళకు తెలుస్తుంది.

హోటలు సంగతి చట్టం చూసుకుంటుంది. ఇంటి సంగతి ఏమిటి? మహిళా సంఘం మీటింగులో అన్ని కులాల వాళ్ళు ఒక్క జంపఖానా మీదనే కూర్చుంటారు. పొదుపు పుస్తకాల మీద సంతకాలు పెడతారు, అప్పు కిస్తీలు కడతారు. మీటింగు అయిపోగానే ఎవరి వాడకు వాళ్ళు పోయి ఎవరి చాయ్ వాళ్ళు తాగుతారు. పట్నంలో ఇంకో తీరు ఉంది. "మాకు కులం గిలం లేదు" అని గట్టిగా చెప్పే ఇళ్ళల్లోనే గిన్నెలు తోమే ఆమెకు వేరే గ్లాసు ఉంటుంది. వంటింటి కిటికీలోనో, కుళాయి గట్టు కిందనో ఆ గ్లాసు కనిపిస్తుంది. ఇంటి గ్లాసులన్నీ తోమేది ఆమె చెయ్యే. తోమితే పట్టని అంటు తాగితే పడుతుందా? ఈ ప్రశ్నకు ఆ ఇళ్ళల్లో జవాబు దొరకదు.

అంటరానితనం ఒక్కటే కాదు, ఇంట్లోనే ఇంకో గీత ఉంది. పేరంటం చూడండి. శ్రావణ శుక్రవారం పేరంటం అంటే ఇల్లు కళకళలాడుతుంది. పసుపు, కుంకుమ, పూలు, తమలపాకులు, వక్కలు, నానబెట్టిన శనగలు. ముత్తైదువలు వస్తారు. కాళ్ళకు పసుపు రాసి, బొట్టు పెట్టి, వాయినం ఇస్తారు. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ శనగలు నానబోసింది ఎవరు? పూలు కట్టింది ఎవరు? చాలా ఇళ్ళల్లో భర్త పోయిన అత్తమ్మో, పెద్దమ్మో, మేనత్తో. తెల్లవారుజామున లేచి పనంతా చేసింది ఆమె. పేరంటాళ్ళు వచ్చే వేళకు వంటింట్లోకి తప్పుకున్నది కూడా ఆమె. ఎవరూ పొమ్మనరు. తనే పోతుంది. చిన్నప్పటి నుంచి అట్లా నేర్పారు.

విధవలు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. 1881లో కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించాడు. కులపెద్దలు ఆయనను వెలివేశారు. అప్పటి నుంచి ఎన్నో ఏండ్లు గడిచాయి. ఆమెకు పింఛను వస్తున్నది, బ్యాంకులో ఖాతా ఉన్నది, ఓటు ఉన్నది. పేరంటంలో పీట మాత్రం ఇంకా లేదు.

పేరంటం మార్చాలంటే ఇంట్లో పెద్ద పంచాయితీ అవుతుంది. మార్చే వాళ్ళు మారుస్తున్నారు, మంచిదే. కానీ చాయ్‌కి పిలవడానికి పంచాయితీ అక్కర్లేదు. చాయ్‌కి పసుపు కుంకుమ అక్కర్లేదు, తిథి అక్కర్లేదు, మడి అక్కర్లేదు. భర్త ఉన్న ఆమె, లేని ఆమె, పెళ్ళి కాని పిల్ల, భర్త వదిలేసిన ఆమె, క్రైస్తవుల ఇంటి ఆమె, ముస్లింల ఇంటి ఆమె, అందరూ తాగేది ఒకటే చాయ్. ఇంత సులువైన పిలుపు ఇంకొకటి లేదు. ఆ పిలుపును కూడా మనవాళ్ళు, మంది అని గీసుకుంటే ఎట్లా?

ఇంటికి పిలవాలనుకున్న ఆమె ముందుగా ఒక కాగితం తీసుకోవాలి. రాయడం వచ్చింది కదా, ఇక పని పెట్టాలి! ఎవరెవరిని పిలవాలో పేర్లు రాయాలి. పది పేర్లు వచ్చాయనుకోండి. రాసిన పేర్లు నెమ్మదిగా మళ్ళీ చదవాలి. నోటితో అనుకున్నప్పుడు తెలియని సంగతి కాగితం మీద కనిపిస్తుంది. పది పేర్లూ ఒక్క వాడకట్టువేనా? భర్త లేని ఆమె పేరు ఒక్కటైనా ఉందా? పక్క గల్లీ ఆమె, రోజూ నల్లా దగ్గర పలకరించే ఆమె, ఎందుకు లేదు? పొలంలో పక్క సాలులో పత్తి ఏరే ఆమె ఎందుకు లేదు? ఇంట్లోనే ఉన్న అత్తమ్మను లెక్క వేశారా?

తర్వాత టైము. నాలుగు గంటలు అందరికీ కుదిరే టైము కాదు. పత్తి ఏరే రోజుల్లో, మిరప తోటల్లో కాయ తెంపే రోజుల్లో కూలికి పోయే ఆమె నాలుగు గంటలకు చేను మీదనే ఉంటుంది. ఆమెను నాలుగింటికి పిలిస్తే కూలి తెగుతుంది. "పిలిచినం, రాలే" అని తర్వాత అనుకోవడం న్యాయం కాదు. ఆమె కోసం ఆరు గంటలకు పెట్టుకోవాలి, లేదా పని లేని రోజు చూసుకోవాలి. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్న ఆమె పొద్దు గూకే దాకా చుక్క నీళ్ళు కూడా ముట్టదు. ఆ నెలలో చీకటి పడ్డాక పిలిస్తే సంతోషంగా వస్తుంది. అడిగి తెలుసుకోవాలి, అంతే.

కూర్చోవడానికి కుర్చీలు కిరాయికి తేవలసిన పని లేదు. వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానాలు దేశమంతా పేరు పడ్డాయి. 2018లో వరంగల్ జంపఖానాకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే ఆ పేరుతో ఇంకెక్కడి సరుకూ అమ్మకూడదు. అట్లాంటి జంపఖానా ఒకటి పరిస్తే పది మంది కూర్చుంటారు. కుర్చీలు వేస్తే ఒక చిక్కు ఉంది. నాలుగు కుర్చీలు ఉంటాయి, ఎనిమిది మంది వస్తారు. ఎవరు కుర్చీ మీద, ఎవరు కింద? కొందరు తమంతట తామే గడప దగ్గర నేల మీద కూర్చుంటారు. మోకాళ్ళ నొప్పుల అవ్వకు ఒక్క కుర్చీ వేసి, మిగతా అందరూ జంపఖానా మీద కూర్చుంటే ఆ చిక్కు ఉండదు.

ఇక సరుకు. చిన్న గ్లాసుల లెక్కన పది మందికి అర లీటరు పాలు, ముప్పావు లీటరు నీళ్ళు, ఆరు చిన్న చెంచాల చాపత్తి, పది చెంచాల చక్కెర సరిపోతాయి. తీపి తక్కువ తాగే వాళ్ళు, షుగరు జబ్బు ఉన్న వాళ్ళు ఉంటారు. వాళ్ళకు చక్కెర వేయక ముందే తీసి పెట్టాలి. అల్లం దంచి నీళ్ళల్లో వేసి మరిగించాలి. తర్వాత చాపత్తి, చివరకు పాలు. చాపత్తి పొట్లం కొనేటప్పుడు దాని మీది తేదీ, బరువు చదివి చూసుకోవాలి. ఇంతకు ముందు కొట్టాయన చెప్పిందే తేదీ. ఇప్పుడు చదివే కళ్ళు ఉన్నాయి. విడిగా అమ్మే చాపత్తిలో వాడి ఎండబెట్టిన పిప్పికి రంగు కలిపి అమ్మే వాళ్ళు ఉంటారు. ఒక గ్లాసు చల్ల నీళ్ళల్లో చిటికెడు చాపత్తి వేసి చూడండి. మంచి ఆకు అయితే రంగు మెల్లగా దిగుతుంది. వేయగానే ఎర్రగా పాకితే అనుమానించాలి. ఇనుప రజను కలిపారేమోనని అనుమానం ఉంటే అయస్కాంతం ముక్క తిప్పితే చాలు, రజను దానికి అంటుకుంటుంది.

తినడానికి ఏం పెట్టాలి? ఇక్కడ చాలా మంది దెబ్బ తింటారు. ఒకామె మిక్చరు పెట్టింది, ఇంకొకామె మిఠాయి కూడా పెట్టింది, మూడో ఆమె కూల్‌డ్రింకు తెప్పించింది. ఇక నాలుగో ఆమె పిలవడమే మానేసింది. ఎందుకంటే ఆమె దగ్గర అంత డబ్బు లేదు. చాయ్ పిలుపు పోటీ అయితే ముందు తప్పుకునేది పేదామె. కాబట్టి ఇంట్లో ఉన్నదే పెట్టాలి. వేయించిన అటుకులు, ఉడకబెట్టిన పల్లీలు, పండుగకు చేసిన సకినాలు మిగిలి ఉంటే అవి. ఇవేవీ లేకుంటే సర్వపిండి ఉండనే ఉంది.

సర్వపిండి గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పుకున్నా తప్పు లేదు. అంత రుచి అది. కొందరు దీన్నే గిన్నప్ప అంటారు, కొన్నిచోట్ల తపాలచెక్క అంటారు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, వేయించి పలుకులుగా దంచిన పల్లీలు, నువ్వులు, జీలకర్ర, తరిగిన ఉల్లిగడ్డ, కరివేపాకు, కారం, ఉప్పు వేసి నీళ్ళతో ముద్దగా కలపాలి. సర్వ లోపల నూనె రాసి ముద్దను పలచగా అద్దాలి. వేలితో నాలుగైదు బొక్కలు పెట్టి వాటిలో చుక్క చుక్క నూనె వేయాలి. మూత పెట్టి సన్న మంట మీద ఉంచితే అంచులు ఎర్రబడి గిన్నెను వదులుతాయి. ఒకటి అయ్యాక ఆ వేడి సర్వలోనే రెండోది అద్దలేము, చేతులు కాలతాయి. సర్వ చల్లారే దాకా ఆగాలి. అందుకే రెండు సర్వలు ఉంటే పని తొందరగా అవుతుంది. రెండోది లేని వాళ్ళు పక్కింటి నుంచి తెచ్చుకుంటారు.

ఇప్పుడు గ్లాసుల సంగతి. ఇంట్లో ఆరే గ్లాసులు ఉంటే ఆరుగురినే పిలవండి, లేదా పక్కింట్లో అడిగి తెచ్చుకోండి. పది మందిలో ఎనిమిది మందికి స్టీలు గ్లాసు, ఇద్దరికి కాగితం కప్పు అనే పని వద్దు. ఆ ఇద్దరు ఎవరు అయినా సరే, "మమ్మల్నే ఎందుకు ఇట్లా?" అనుకుంటారు. గ్లాసులన్నీ ఒకే పళ్ళెంలో పెట్టి అందరి ముందుకు తేవాలి. ఎవరికి నచ్చిన గ్లాసు వాళ్ళు తీసుకోవాలి. ఎత్తి పోయడం, దూరం నుంచి జరపడం ఉండకూడదు.

మొదటిసారి పిలిచినప్పుడు దళితవాడ ఆమె గబుక్కున రాదు. "ఎందుకు అమ్మా, నేను ఇక్కడే గద్దె మీద కూసుంట" అంటుంది. వద్దని కాదు, భయం. రేపు ఊళ్ళో ఎవరన్నా ఏమన్నా అంటారని ఆమెకు తెలుసు. ఇంటామె కంటే ఆమెకే ఎక్కువ నష్టం. అప్పుడు చెయ్యి పట్టి లాగవద్దు, నలుగురి ముందు గొప్పగా చెప్పవద్దు. "లోపల మా అత్తమ్మ కూడా కూసున్నది. నా పక్కన కూసో అక్కా" అంటే చాలు. ఆమె ఇన్నాళ్ళూ ఇంటామెను "అమ్మా" అంటున్నది. వయసులో ఆమే పెద్ద కావచ్చు. ఇంటామె మాత్రం ఆమెను పేరు పెట్టి "ఏమే" అంటున్నది. ముందు ఇంటామె "అక్కా" అని పిలిస్తే, ఎప్పుడో ఒకనాడు ఆమె నోట్లోంచి కూడా "చెల్లె" అని వస్తుంది. తొందర పెట్టే పని కాదు.

చాయ్ తాగినాక ఇంకో ఘట్టం ఉంటుంది. అందరూ గ్లాసులు పక్కన పెడతారు. ఆమె మాత్రం తన గ్లాసు తీసుకొని కడగడానికి నల్లా దగ్గరికి లేస్తుంది. అలవాటు అట్లాంటిది. అప్పుడు ఇంటామె లేచి ఆ గ్లాసు చేతిలోంచి తీసుకోవాలి. అన్ని గ్లాసులతో కలిపి కడగాలి. లేదంటే అందరూ ఎవరి గ్లాసు వాళ్ళు కడగాలని పెట్టుకోవచ్చు. అదీ బాగానే ఉంటుంది, ఇంటామెకు పని తగ్గుతుంది.

ఇంట్లో అత్తమ్మ ఊరుకోకపోవచ్చు. "మా కాలంలో ఇట్లాంటివి లేవు" అంటుంది. "మీ కాలంలో చాయ్ ఉన్నదా అత్తమ్మా?" అని మెల్లగా అడగవచ్చు. నవ్వితే నవ్వుతుంది, లేకుంటే కోపం చేస్తుంది. అత్తమ్మ భర్త పోయిన మనిషి అయితే ఆమెకు ఇంకో మాట చెప్పవచ్చు. ఇన్నేండ్లు ఆమెను పేరంటాల్లో వంటింట్లో నిలబెట్టిన నియమం, ఆ అక్కను వాకిట్లో నిలబెట్టిన నియమం రెండూ ఒక్క కడుపున పుట్టినవే. ఆ మాట ఆమెకు అర్థమైనంతగా ఇంకెవరికీ అర్థం కాదు.

వెళ్ళేటప్పుడు బొట్టు పెట్టే అలవాటు ఉంటుంది. ఇంటామె కుంకుమ భరిణె తెచ్చి ఆరుగురికి పెడుతుంది, ఏడో ఆమె దగ్గర చెయ్యి ఆగుతుంది. అంతసేపు కలిసి కూర్చున్నదంతా అక్కడ పాడవుతుంది. చాయ్‌కి పిలిచిన నాడు భరిణె దేవుడి దగ్గరే ఉండనివ్వండి. లేదా పళ్ళెంలో పెట్టి నడుమ ఉంచండి. పెట్టుకునే వాళ్ళు పెట్టుకుంటారు.

ఇంటామె తన గ్లాసు సంగతి కూడా చూసుకోవాలి. చాలా ఇళ్ళల్లో అందరికీ పోశాక గిన్నె అడుగున మిగిలింది, అదీ చల్లారింది, ఆమె తాగుతుంది. నిలబడే తాగుతుంది. పళ్ళెంలో తన గ్లాసు కూడా పెట్టుకొని, జంపఖానా మీద నలుగురితో కూర్చొని వేడిగా తాగాలి. అయితే అన్నం తిన్న వెంటనే చాయ్ తాగవద్దు. అన్నంలో, ఆకుకూరలో ఉన్న ఇనుము ఒంటికి పట్టకుండా చాయ్ అడ్డం పడుతుంది. తిండికి ముందు ఒక గంట, తర్వాత ఒక గంట చాయ్ వద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. 2019-21లో జరిగిన సర్వేలో తెలంగాణ ఆడవాళ్ళల్లో సగం కంటే ఎక్కువ మందికి రక్తం తక్కువగా ఉన్నట్టు తేలింది. ఆకలి చంపుకోవడానికి అన్నం మానేసి చాయ్ తాగే వాళ్ళు కూడా ఉన్నారు. అది మంచిది కాదు. చిన్న పిల్లలకు చాయ్ పోయవద్దు. వాళ్ళకు పాలు ఇవ్వాలి.

కలిసి తినడం, తాగడం గురించి ఇంతకు ముందూ తెలుగు వాళ్ళు ప్రయత్నం చేశారు. కృష్ణా జిల్లా ముదునూరులో గోరా, ఆయన భార్య సరస్వతి 1940లో నాస్తిక కేంద్రం పెట్టారు. అన్ని కులాల వాళ్ళతో సహపంక్తి భోజనాలు జరిపారు. ఆ రోజుల్లో అది చిన్న ధైర్యం కాదు. అయితే సహపంక్తి భోజనం ఏడాదికి ఒకసారో, నెలకు ఒకసారో జరుగుతుంది. పెద్దలు వస్తారు, ఫోటోలు దిగుతారు, పోతారు. ఇంటి చాయ్‌కి ఫోటో ఉండదు, రోజూ ఉంటుంది.

ఇంకొకటి మిగిలింది, అందరూ మరిచిపోయేది. పిలవడం సగం పని. పిలిస్తే పోవడం రెండో సగం. తన ఇంట్లో చాయ్ పోసిన ఆమె దళితవాడకు పోయి ఆ ఇంట్లో చాయ్ తాగాలి. ఇక్కడ చాలా మందికి కాళ్ళు ఆడవు. "ఇప్పుడే తాగి వచ్చిన", "నాకు పడదు", "ఇంకోసారి వస్త" అని సాకులు చెప్తారు. ఆ సాకులు వినే ఆమెకు అన్నీ తెలుసు. ఆమె ఏమీ అనదు. మళ్ళీ మాత్రం పిలవదు, పిలిస్తే రాదు.

పోయిన ఆమె అక్కడ పెట్టినది తినాలి, పోసినది తాగాలి. చాప వేస్తే చాప మీద, పీట వేస్తే పీట మీద కూర్చోవాలి. చాయ్‌లో పాలు తక్కువ ఉండవచ్చు, అసలు ఉండకపోవచ్చు. నల్ల చాయ్‌లో నిమ్మకాయ పిండితే అది కూడా బాగుంటుంది. చేతులు ఊరికే పెట్టుకోవద్దు. అక్కడ సర్వపిండి అద్దుతుంటే పక్కన కూర్చొని ఉల్లిగడ్డ తరగవచ్చు. ఆ ఇంట్లో ఒకటే సర్వ ఉంటే, ఇంటి నుంచి తన సర్వ తెచ్చి ఇవ్వవచ్చు. తన ఇంట్లో చాయ్ పెట్టుకున్న నాడు, "అక్కా, నీ సర్వ పట్టుకొని రా, రెండు పొయ్యిల మీద తొందరగా అయితయి" అని ముందు రోజే చెప్పి రావచ్చు.